కొలతలు తీయని ఏడాది

నాకు సోరియాసిస్ ఉంది. ఉండేది అని రాయాలని ఎంత ఆశగా ఉన్నా రాయలేను. ఇది పూర్తిగా వదిలిపోయే జబ్బు కాదని డాక్టరుగారు మొదటిరోజే చెప్పేశారు. ఇప్పుడు బాగా తగ్గింది. అరచేతులు మడిస్తే పగలడం లేదు. మోచేతుల మీద మచ్చలు మిగిలాయి, చలికాలంలో నెత్తిలోంచి కాస్త పొట్టు రాలుతుంది. ఆ మాత్రం దానితో సర్దుకుపోవడం నేర్చుకున్నాను.

దీని గురించి రాయమని ఎవరూ అడగలేదు. కానీ ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న వాళ్ళందరూ కొంగు లాక్కుని, చేతులు దాచుకుని కూర్చోవడం చూశాను. వాళ్ళలో ఒక్కరైనా చదివితే మంచిదే అనిపించింది. ఇంకో సంగతి, లోపల పెట్టుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

మాది రామచంద్రపురం. నా పేరు సూర్యకుమారి, అందరూ కుమారి అంటారు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వచ్చే వీధిలో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఒక్కతే కూతురు, ప్రసన్న. నేను చెప్పే రోజులకి దానికి పదమూడు నిండుతున్నాయి.

జాకెట్టు కుట్టడానికి రెండు దారులున్నాయి. మనిషిని ఎదురుగా నిలబెట్టి టేపుతో కొలతలు తీసుకోవడం ఒకటి. ఆవిడకి సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెప్పించుకుని దాన్నిబట్టి కుట్టడం రెండోది. ఆ పాతదాన్ని ఆది జాకెట్టు అంటాం. నేనెప్పుడూ ఆదిని నమ్మేదాన్ని కాదు. ఎవరైనా తెస్తే, "అది మీ బీరువాలో పెట్టుకోండి, మీరు ఇటు తిరగండి" అనేదాన్ని. ఒంటి మీద చెయ్యి వేస్తేనే తెలుస్తుంది, ఏ భుజం కాస్త జారి ఉందో, ఎవరు ఊపిరి బిగబట్టి సన్నగా కనబడాలని చూస్తున్నారో. కొలత తీసే ఆ కాస్త సేపట్లోనే సగం ఊరి కబుర్లు నాకు తెలిసిపోయేవి. కొంతమంది ఎవరికీ చెప్పుకోని కష్టాలు కూడా నాకు వీపు పెట్టి నిలబడి చెప్పుకునేవారు.

శ్రావణం

మొదట మోచేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ వచ్చింది. మిషను నూనె పడలేదనుకున్నాను. తర్వాత కొత్త బట్టల రంగు అనుకున్నాను. కొబ్బరినూనె రాసి ఊరుకున్నాను. శ్రావణ మాసం వచ్చేసరికి రెండో మోచెయ్యి, మెడ వెనక, నెత్తి, ఆఖరికి అరచేతులు. గోకితే తెల్లటి పొట్టు రాలేది. శ్రావణమంటే మాకు ఊపిరాడని నెల. వ్రతాలు, పెళ్ళిళ్ళు, పట్టు జాకెట్లు. డాక్టరు దగ్గరికి వెళ్ళే తీరికేదీ అనుకున్నాను. నిజానికి తీరిక కాదు, భయం.

మా వీధి చివర రాజేశ్వరిగారని స్కూలు టీచరు ఉన్నారు. నేను పెళ్ళై ఈ వీధికి వచ్చినప్పటి నుంచి నాకు తెలిసిన మనిషి, నా చేతి జాకెట్టు తప్ప వేసుకోని మనిషి. వ్రతానికని వంకాయ రంగు పట్టు జాకెట్టు కుట్టించుకున్నారు. తీసుకోవడానికి వచ్చి, మడత విప్పి చూసుకుంటూ ఆగిపోయారు. ఆ ముదురు రంగు మీద నా చేతి పొట్టు తెల్లగా అంటుకుని ఉంది. ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళి జాకెట్టు దులిపారు. ఎండలో అది ఎగరడం ఇద్దరం చూశాం.

"డాక్టరుకి చూపించుకో తల్లీ" అన్నారు. ప్రేమగానే అన్నారు. డబ్బులు మాత్రం ఎప్పటిలా నా చేతిలో పెట్టకుండా మిషను బల్ల మీద పెట్టి వెళ్ళారు.

తిట్టి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోయేదాన్ని. ఆ బల్ల మీద పెట్టడం మాత్రం మర్చిపోలేకపోయాను. తర్వాతి జాకెట్టు గుడ్డ ఆవిడ పనిమనిషి చేత పంపించారు, ఆదితో సహా.

కార్తీకం

ఆ తర్వాత ఒకరూ ఇద్దరూ ఆదులు తేవడం మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళ చేత నేనే తెప్పించాను. కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళని గుమ్మంలోనే ఆపి, "ఆది ఉంటే పట్టుకురండి, పనెక్కువగా ఉంది" అనేదాన్ని. వాళ్ళు వెనక్కి జరగక ముందే నేను జరగాలి, అంతే నా పట్టుదల. కొందరికి కోపం వచ్చింది. కుమారికి పేరొచ్చేసరికి గీర కూడా వచ్చిందని వీధిలో అనుకున్నారట. ఆ మాట విని నాకు సంతోషమే వేసింది. గీర అనుకుంటే పరవాలేదు, జబ్బు అనుకోకుండా ఉంటే చాలు. నల్ల గుడ్డలు, ముదురు రంగులు ఒప్పుకోవడం మానేశాను. చేతులు మణికట్టు దాకా వచ్చే జాకెట్లు కుట్టుకుని ఉక్కలో అవే వేసుకు తిరిగాను.

ఇంట్లో నా సబ్బు, నా తువ్వాలు, నా కంచం వేరు చేసుకున్నాను. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా. ఆ రెండోదే ఎక్కువ నొప్పిగా ఉండేది.

అత్తయ్యగారి లెక్కలో ఇది సర్పదోషం. మా మామగారు బతికుండగా చేలో పామును కొట్టారట, ఆ పాపం ఇన్నాళ్ళకి నా ఒంటి మీద తేలిందట. సుబ్రహ్మణ్యస్వామికి పాలు పోయించారు. నాటుమందు తెప్పించారు. అది రాస్తే మంట తప్ప మరేమీ తగ్గలేదు. దానికి తోడు పథ్యం. వంకాయ లేదు, గోంగూర లేదు, చింతపండు లేదు, ఎండుచేపల మాటే లేదు. నా ఒక్కదానికే అంటే నేను నొచ్చుకుంటానని ఇల్లంతా చప్పిడి తిన్నారు. మా ఆయన మాత్రం మిల్లు దగ్గర హోటల్లో చేపల పులుసు తినేసి, వాసన తెలియకుండా పెరట్లోకి వెళ్ళి సబ్బుతో చెయ్యి తోముకునేవారు. నాకు తెలుసు. ఇంకొకప్పుడైతే వారం రోజులు ఏడిపించేదాన్ని. అప్పుడు మాత్రం, నా మూలంగా ఈ మనిషి దొంగతిండి తినాల్సి వస్తోంది కదా అని కుంగిపోయాను. ఆయన ఏ రోజూ విసుక్కోలేదు. కానీ ఏం మాట్లాడాలో తెలియక, మాట్లాడడమే తగ్గించేశారు.

ఇన్నిటిలోనూ నేను వదలనిది ఒకటే. పొద్దున్నే ప్రసన్న దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని వచ్చి నా ముందు పీట మీద కూర్చునేది. దానికి రెండు జడలు వెయ్యడం. చేతులు మంట పెట్టినా వేసేదాన్ని. అది ఆ కాసేపూ స్కూలు కబుర్లు చెబుతూనే ఉండేది.

మాఘం

చలికి అరచేతులు పగిలి నెత్తురొచ్చే రోజుల్లోనే ప్రసన్న పెద్దమనిషైంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళొచ్చి దాన్ని కొత్త చాప మీద కూర్చోబెట్టారు. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టారు. మా పద్ధతి ప్రకారం స్నానమయ్యే వరకూ దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, దాని కంచం వేరు, గ్లాసు వేరు. అలా మా ఇంట్లో ఇద్దరికి వేరే కంచాలయ్యాయి. దానిది వేడుక, నాది జబ్బు.

వచ్చిన వాళ్ళలో ఒక పెద్దావిడ మాటల మధ్యలో, "ఈ రోజుల్లో పిల్ల ఒళ్ళు పచ్చిగా ఉంటాదమ్మా, ఏదైనా ఇట్టే అంటుకుంటాది, జాగర్త" అంది. ఆవిడ గాలీ ధూళీ గురించి అంది. నా చేతులు ఆవిడ చూడనైనా లేదు. కానీ ఆ మాట నా గుండెలో దిగిపోయింది.

స్నానం రోజున తల్లి నలుగు పెట్టాలి. నేను గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్యగారూ పక్కింటివాళ్ళూ పెట్టారు, పాట కూడా పాడారు. పసుపు మొహంతో అది నా వైపు రెండు మూడు సార్లు చూసింది. నేను నవ్వాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున అది ఎప్పటిలాగే దువ్వెన పట్టుకుని వచ్చింది. చాప మీద కూర్చున్నన్నాళ్ళూ మాట్లాడలేకపోయిన కబుర్లన్నీ మొహం మీదే ఉన్నాయి. నాకు పనుంది, నానమ్మ దగ్గరికి వెళ్ళమన్నాను. ఎందుకని అడగలేదు. వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇక నా దగ్గరికి దువ్వెనతో రాలేదు. అర్థం చేసుకుంది, బంగారు తల్లి అనుకున్నాను.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం కాలవ అవతల ఎవరికో బట్టలిచ్చి వస్తూ వంతెన మీద ఆగాను. నిండుగా పారుతున్న నీళ్ళు చూస్తూ, నేను లేకపోతే వీళ్ళంతా హాయిగా వండుకుని తింటారు కదా అనుకున్నాను. ఆ ఆలోచన అంతటితో ఆగలేదు, ఇంకొంచెం ముందుకు కూడా వెళ్ళింది. వెనకనుంచి కొబ్బరికాయల ట్రాక్టరు హారన్ కొడితే పక్కకి తప్పుకున్నాను. ఇంటికి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది. మీకెవరికైనా అలాంటి ఆలోచన వస్తే ఆరోజే ఎవరో ఒకరికి చెప్పండి. చర్మం జబ్బుకి ఇంత దూరం ఆలోచిస్తారా అని సిగ్గుపడకండి. ఆలోచిస్తారు. నేను ఆలోచించాను.

ఎండలు మొదలైనప్పుడు

మా ఆయన మిల్లులో సెలవు పెట్టి, నన్ను కాకినాడ బస్సెక్కించారు. చర్మం డాక్టరుగారి దగ్గర హాలు నిండా జనం. కానీ కుర్చీలు సగం ఖాళీ. ప్రతివాళ్ళూ పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. మామూలు ఆసుపత్రిలో అయితే ఏం జబ్బు, ఏ ఊరు అని అడుగుతారు. అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. నేనూ కొంగు కప్పుకుని ఒక చివర కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నేను కూడా పక్కవాళ్ళ చేతులు చూసి కొంచెం జరిగాను.

అంతలో ఒక ముసలావిడ వచ్చి సరిగ్గా నా పక్క కుర్చీలోనే కూర్చుంది. ఉప్పాడ వైపు నుంచి వచ్చిందట, చేపలమ్ముతుంది. ఆవిడ చేతులు నావాటి కంటే ఘోరంగా ఉన్నాయి, ఉప్పునీళ్ళలో నానేవి కదా. దాచుకోలేదు. సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసి వలుచుకుంటూ, నా ముందు కూడా నాలుగు పెట్టింది.

నేను చెయ్యి చాపలేదు. ఆవిడ నవ్వింది.

"తినమ్మా. మనిద్దరికీ ఉన్నదొకటే గదా, కొత్తగా ఏటి అంటుకుంటాది?"

తిన్నాను. మనిషి చేతి మీదుగా వచ్చింది ఏదైనా తిని ఎన్నాళ్ళైందో అప్పుడు గుర్తొచ్చింది. బేరానికొచ్చిన వాళ్ళు ఏమీ అనరా అని అడిగాను. అంటారంది. కొందరు వెళ్ళిపోతారంది, కొందరు మళ్ళీ వస్తారంది. వచ్చినవాళ్ళకి చేప ఇస్తానని, పోయినవాళ్ళని తలుచుకుంటూ కూర్చుంటే చేప పాడైపోతుందని చెప్పింది. ఆవిడ పేరు అడగడం కూడా మర్చిపోయాను.

డాక్టరుగారు నా ఈడు ఆడమనిషే. నా చెయ్యి చాపమని, తన రెండు చేతుల్లోకి తీసుకుని, గ్లౌజులు లేకుండా అరచెయ్యంతా బొటనవేలితో తడుముతూ చూశారు. ఇది ఎవరికీ అంటుకోదని, ఒంటి లోపలి గొడవే తప్ప బయటి పురుగు కాదని, నేను సర్పదోషం మాట ఎత్తితే, పాములకి దీనితో ఏ సంబంధమూ లేదని చెప్పారు. తగ్గుతుంది, మళ్ళీ రావచ్చు, మళ్ళీ తగ్గుతుంది అన్నారు. ఇవన్నీ వింటున్నాను కానీ నా ధ్యాసంతా ఆవిడ చేతి మీదే ఉంది. నిద్ర పడుతోందా, మనసెలా ఉంటోంది అని అడిగారు. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వంతెన సంగతి చెప్పేశాను. మా ఆయన పక్కనే ఉన్నారు. ఆయన మొహం అలా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. డాక్టరుగారు ఒంటికి మందులు రాసి, మనసు సంగతి మాట్లాడడానికి అదే వీధిలో ఇంకో డాక్టరుగారి దగ్గరికి కూడా పంపారు. మా ఆయన రెండు చోట్లా నాతోనే కూర్చున్నారు.

బస్సులో వస్తూ ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఇంట్లో అడుగుపెట్టగానే అందరినీ పిలిచి, "ఇది అంటుకోదంట. ఎవరికీ అంటుకోదు. ఇంక ఈ ఇంట్లో వేరే కంచం కనబడకూడదు" అన్నారు. అత్తయ్యగారు ముందు నమ్మలేదు, తర్వాత ఆవిడే నా కంచం తెచ్చి అందరి కంచాల్లో కలిపేశారు. మరుసటి ఆదివారం వంకాయ, ఎండురొయ్యలు కలిపి వండారు. ప్రసన్న అంతా విని తలూపింది.

చర్మం మెల్లగా తగ్గుముఖం పట్టింది. పగుళ్ళు మానాయి. కానీ ఒకటి చెప్పాలి. డాక్టరుగారు చెప్పింది నా బుర్రకి ఎక్కింది గానీ చేతులకి ఎక్కలేదు. ఎవరి మీదైనా చెయ్యి వేయబోతే అదే వెనక్కి వచ్చేసేది. ఆదులు ఆదులుగానే నడిచాయి. ప్రసన్నకి జడలు అత్తయ్యగారే వేస్తూ ఉన్నారు. ఇంకా పూర్తిగా తగ్గలేదు కదా, పూర్తిగా తగ్గాక వేద్దాం అనుకునేదాన్ని.

వేసవి

వేసవి సెలవుల్లో ప్రసన్నకి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. ఆకుపచ్చ పట్టులంగా, దాని మీదికి జాకెట్టు. ఊరందరికీ కుట్టిన దాన్ని, నా కూతురి జాకెట్టు ఎలా ఉండాలో ఎన్నాళ్ళ నుంచో కలలు కన్నాను. గుడ్డ కొన్నాను, మగ్గం పని చేయించాను. దాని బీరువాలోంచి పాత లంగా జాకెట్టు ఒకటి తీసి ఆదిగా పెట్టుకున్నాను. పిల్ల ఎదుగుతోంది కదా అని, అది ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే కంటితోనే అంచనా వేసి, కాస్త వదులు పెట్టి కత్తిరించాను.

ఫంక్షన్ ఇంకో రెండు రోజుల్లో ఉందనగా వేసుకు చూడమన్నాను. లోపలికి వెళ్ళింది ఎంతకీ రాదు. అత్తయ్యగారు వెళ్ళి చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకొచ్చారు. హుక్కులు కలవలేదు. చేతులు పైకి ఎత్తలేకపోతోంది. భుజం కుట్టు భుజం మీద లేదు, మెడ వైపు ఎక్కేసింది. కొత్తగా మిషను నేర్చుకునే పిల్ల కూడా అలా కుట్టదు.

"ఇదేంటే కుమారీ, కళ్ళెదురుగా పిల్లని పెట్టుకుని దానికి ఆది ఏంటే? పిల్లని కొలవడానికి ఏమొచ్చింది నీకు?" అన్నారు అత్తయ్యగారు.

దానికి జవాబు ప్రసన్నే చెప్పింది. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. స్కూల్లో పాఠం ఒప్పజెప్పినంత మామూలుగా చెప్పింది.

"పెద్దదాన్నయ్యాను కదా నానమ్మా. ఇంక అమ్మ నన్ను ముట్టుకోకూడదు కదా."

అత్తయ్యగారికి అర్థం కాలేదు. అలాగని ఎవరు చెప్పారని అడిగారు. ఎవరూ చెప్పలేదట. చాప మీద కూర్చున్నప్పుడు అందరూ దూరంగా ఉన్నారు, స్నానమయ్యాక అందరూ దగ్గరికి వచ్చారు, అమ్మ రాలేదు. జబ్బు వల్లేమో అని మొదట్లో అనుకుందట. నాన్న అంటుకోదని చెప్పాక కూడా అమ్మ రాలేదు కాబట్టి, జబ్బు కాదన్నమాట. తనలోనే ఏదో ఉందన్నమాట. ఆడపిల్ల పెద్దదయ్యాక తల్లికి అలాగే ఉంటుంది కాబోలు అని సరిపెట్టుకుందట. ఇదంతా నానమ్మకి చెబుతూ, ఆ బిగుతు జాకెట్టులో ఊపిరి సరిగ్గా తీసుకోలేక మధ్యమధ్యలో ఆగుతోంది.

అంటుకోకూడదని నేను కాపాడుకున్న పిల్లకి నేను అంటించింది ఇదా అనుకున్నాను. అప్పటి వరకూ ఈ జబ్బు నాది ఒక్కదానిదే అనుకుంటూ వచ్చాను.

టేపు కోసం వెతికాను. ఎప్పుడూ మెడలోనే ఉండేది ఏ సొరుగులో పడేశానో గుర్తులేదు, అత్తయ్యగారే తీసి ఇచ్చి గది తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. ముందు చంకల దగ్గర కుట్లు విప్పి దాన్ని ఆ జాకెట్టులోంచి బయటపడేశాను. తర్వాత భుజం మీద చెయ్యి వేశాను. నా అరచెయ్యి ఇంకా గరుగ్గానే ఉంది. అది ఉలిక్కిపడింది, కొయ్యలా బిగుసుకుంది. నేను చెయ్యి తియ్యలేదు. భుజం నుంచి భుజానికి, చంక కింద, నడుము, చెయ్యి పొడవు. నిజంగానే పిల్ల ఎదిగింది. నేను చూడకుండా ఎదిగింది.

వీపు కొలుస్తున్నప్పుడు దాని భుజాలు మెల్లగా దిగాయి. "నీలో ఏమీ లేదమ్మా, నాకే భయం" అన్నాను. అది వెనక్కి జరిగి నాకు ఆనుకుంది. ఎంతసేపు అలా నిలబడ్డామో చెప్పలేను.

కాసేపటికి, ఇంతకీ కొలతలెంత వచ్చాయని అడిగింది. ఒక్కటీ గుర్తులేదు. ఇన్నేళ్ళ పనిలో ఎప్పుడూ అలా జరగలేదు. మర్చిపోయానని చెప్పాను.

"అయితే మళ్ళీ తియ్యమ్మా" అంది, చేతులు పైకెత్తి.